వెనక ఇళ్లకు ముందు గేటు

తిరుపతిలో పట్టణ ప్రణాళిక అధికారిగా పనిచేసి రిటైరైన సారు మొన్న శుక్రవారం చిత్తూరులో, కూతురి ఇంట్లో కన్నుమూశారు. కొన్నాళ్లుగా గుండె జబ్బుతో ఉన్నారు. ఆయన పేరు పత్రికలో ఎప్పుడూ రాలేదు. "వార్త రాసుకో అప్పా, నా పేరొద్దు" అనేవారు. ఇప్పుడూ రాయడం లేదు.

పత్రికకు నగర వార్తలు రాసే రోజుల్లో ఆయన దగ్గరికి తరచూ వెళ్లేవాడిని. టీ ఇప్పించేవారు, వార్త మాత్రం ఎప్పుడో గానీ ఇచ్చేవారు కాదు. ప్లాను చేతికొస్తే ముందు స్థలం చూసి వచ్చేవారు, ఆ తర్వాతే విప్పేవారు. "కాగితం మీద అది గీతప్పా. కట్టినాక గోడ" అనేది ఆయన మాట.

తక్కువ ఆదాయం వాళ్లకు కొన్ని చిన్న ఇళ్లు కట్టిచ్చే బిల్డర్‌కు అదనంగా ఒక అంతస్తు వేసుకోనిచ్చే పథకం ఆయన చూసేవారు. బిల్డర్లను దొంగలంటే ఆయనకు నచ్చేది కాదు. "లాబం ల్యాకుండా ఎవురు కడతారు? మనం అంతస్తిచ్చినాం, వాళ్లు ఇండ్లియ్యాల. అంతే గదా."

రేణిగుంట రోడ్డులో ఒక బిల్డర్ ఇచ్చాడు. ఇళ్లు గట్టిగానే కట్టాడు. అయితే ముందున్న పెద్ద ఫ్లాట్లకూ వెనకున్న చిన్న ఇళ్లకూ మధ్య గోడ లేపాడు. వెనక ఇళ్లవాళ్లు మురుగుకాలువ పక్క సందులోంచి, మనిషి మాత్రమే పట్టే గేటులోంచి రావాలి. బస్సెక్కాలంటే వీధంతా చుట్టి రావాలి. గోడలో ఇసుక ట్రాక్టరు కోసం వదిలిన ఖాళీకి రేకులు అడ్డం పెట్టారు. గృహప్రవేశం కాగానే దాన్నీ ఇటుకలతో మూసేస్తారట.

వెనకవాళ్లనూ ముందు గేటులోంచి రానివ్వమని సారు వెళ్లి అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"గేటు మాట రూల్లో యాడుండాది సార్?" అన్నాడు బిల్డర్.

"యాడా ల్యాదప్పా. నేనూ ఎతికినా." సారు మళ్లీ అడిగారు: "గృహప్రవేశానికి ఎనకిండ్లకు గూడా ఆవును తోలుకొస్తావా?"

బిల్డర్‌కు పౌరుషం వచ్చింది. "ఏం సార్ అట్లంటారు? నేను కట్టిన ఇల్లు ఏదైనా ఆవు తొక్కాల్సిందే."

గృహప్రవేశం రోజు ఉదయం ఆవును ముందు పెద్ద ఫ్లాట్లలోకి, తర్వాత సందులోకి తోలారు. చిన్న గేటు దగ్గర అది నిలబడిపోయింది. కొమ్ములు పట్టలేదు. ముహూర్తం దాటిపోతోందని పూజారి కేకలు. "ఆవును కొలిసి గేటు పెట్టాల్సింది" అని ఎవరో నవ్వారు. బిల్డర్ తానే దగ్గరుండి రేకులు పీకించాడు. ఆవును తిప్పి తెచ్చి, ముందు గేటులోంచి, గోడలోని ఆ ఖాళీలోంచి దాటించారు. దాని వెనక వెనకిళ్ల వాళ్లంతా వచ్చారు. కుట్టుపని చేసే ఒకామె, "మేం ఏసుప్రభువును నమ్మినోళ్లం. అయినా ఈపొద్దు ఆవు ఎనకే నడస్తాం" అంది.

సాయంత్రం ఇటుకలు దిగాయి. వెనక ఇల్లు వచ్చిన పూలమ్మే ముసలామె ఆ ఖాళీలో నిలబడింది. "ఆవు నడిసిన దోవకు అడ్డం కడతావా నాయనా? బిడ్డలుండేవాడివి." బిల్డర్ ఆ ఇటుకలు వేరే పనికి తీసుకుపొమ్మని మేస్త్రీకి చెప్పాడు.

ఇదంతా ముందే అనుకున్నారా అని సారును అడిగాను. "నేనేం సెప్పినా? ఆవు సంగతి అడిగినా, అంతే" అన్నారు.

నిన్న సాయంత్రం ఆ బిల్డింగు ముందు ఆగాను. రేణిగుంట బస్సు దిగిన ఆడవాళ్లు ఖాళీ టిఫిన్ డబ్బాలతో, మాట్లాడుకుంటూ ముందు గేటులోంచి వెనక ఇళ్ల వైపు వెళ్లిపోయారు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. వచ్చేది ఎవరో చూడటానికైనా తల ఎత్తలేదు.