జెట్ విమానం గురించి నేను చెప్పని సగం

జనగామలో నా చిన్నప్పుడు విమానం చప్పుడు వినబడితే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసేవాళ్లు. మా మేనమామ మాత్రం చూసేవాడు కాదు. ఏదో ఒక ఆయిలింజను ముందర వేసుకుని, చేతిలో పానతో, వంచిన తల వంచినట్టే ఉంచి ఆ చప్పుడు పోయేదాకా ఆగేవాడు. తర్వాత మళ్లీ నట్లు తిప్పుకునేవాడు.

ఆయన వాయుసేనలో ఇంజన్ల మెకానిక్కుగా చేసి వచ్చిన మనిషి. నలభై ఏళ్లు నిండకముందే ఆ కొలువు వదిలేసి మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. సైకిలు మీద బచ్చన్నపేట దాకా పోయి బావుల మీది ఇంజన్లు బాగుచేసేవాడు. ఎందుకు వదిలేశావని మా అమ్మ అడిగితే, "ఇంజన్లు ఈడ గూడ ఉన్నయి గదక్కా" అని మాట తప్పించేవాడు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు సరిహద్దులో యుద్ధం మొదలైంది. ఊరంతా రేడియోల చుట్టూ మూగేది. మా హెడ్మాస్టరుగారు శనివారం నాడు బడిలో సభ పెట్టి, తరగతికి ఒకరు చొప్పున మాట్లాడాలన్నారు. మామ సంగతి తెలుసు కనుక నాకు జెట్ విమానాల గురించి మాట్లాడమని ఇచ్చారు. నేను ఎగురుకుంటూ మామ దగ్గరికి పోయాను.

ఆయన మొదట ఒప్పుకోలేదు. నేను వదలకపోయేసరికి చెప్పడం మొదలుపెట్టాడు. వెనకటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో జర్మనీవాళ్లు రెక్కల కింద రెండు జెట్ ఇంజన్లున్న విమానాన్ని ఆకాశంలోకి వదిలారట. అప్పటిదాకా అన్నిటికీ ముందర పంకా తిరగాల్సిందే. దీనికి పంకా లేదు. ఎదుటివాళ్ల విమానాలు ఎంత తరిమినా దాన్ని అందుకోలేకపోయేవట. దాని మూతికి నాలుగు పెద్ద తుపాకులుండేవి. సరిగ్గా తగిలితే పెద్ద బాంబు విమానం కూడా ముక్కలయ్యేది. అదే యుద్ధంలో ఇంగ్లీషువాళ్లూ తమ జెట్ తయారుచేసుకున్నారు. నేను ఒక కాగితం నిండా రాసుకుని, సంతోషంగా కలం మూత పెట్టేశాను.

"గప్పుడే మూత పెట్టినవేంది? ఇంకో సగమున్నది" అన్నాడు మామ.

లోపలినుంచి పంపుస్టవ్ తెచ్చి గ్యాస్‌నూనె, అంటే కిరసనాయిలు, పోసి ముట్టించాడు. అది వేడెక్కి నీలంగా, జుయ్యిమని మండుతుంటే, "జెట్టు గూడ గిట్లనే మోగుతది" అన్నాడు. ఆర్పి, పూర్తిగా చల్లారనిచ్చి, ఈసారి వేడెక్కకముందే గబగబా పంపు కొట్టమన్నాడు. నేను కొట్టాను. పచ్చి నూనె చిమ్మి మంట పసుపుపచ్చగా నా మొహం ఎత్తుకు లేచింది. మామ నన్ను వెనక్కి లాగి, గాలి వదిలేసి స్టవ్ ఆర్పేశాడు.

ఆ తొలి జెట్ల గుణం అదేనట. తొందరపడి ఒక్కసారిగా నూనె ఎక్కువిస్తే ఇంజను మాడిపోయేది, లేదా ఆరిపోయేది. మెల్లగా ఇస్తే మెల్లగానే అందుకునేది. వేడికి తట్టుకునే మంచి లోహం యుద్ధంలో దొరక్క, ఒక పగలూ రాత్రీ ఆగకుండా తిప్పినంత వాడకానికే ఇంజను పనైపోయేదట. నూనె విపరీతంగా తాగేది. అన్నిటికంటే ముఖ్యంగా, దిగేటప్పుడు అది నిస్సహాయంగా ఉండేది. వేగం తగ్గించుకున్నాక మళ్లీ తెచ్చుకోవడానికి వ్యవధి పట్టేది. ఆకాశంలో దాన్ని అందుకోలేనివాళ్లు, అది దిగే చోట కాపుకాసి కూల్చేవాళ్లు. ఇదంతా రెండో కాగితం మీద రాశాను. రెండూ కంఠతా పట్టాను.

శుక్రవారం హెడ్మాస్టరుగారికి చూపించాను. మొదటి కాగితం చదివి మెచ్చుకున్నారు. రెండోది చదువుతుంటే ఆయన మొహం మారింది.

"యుద్ధం నడుస్తుంటే గీ మాటలెందుకమ్మా?"

"మనయి కావు సార్, జర్మనీవాళ్లయి" అన్నాను.

"ఎవ్వరియైతేంది? కొడుకులను మిలిట్రీకి పంపినోళ్లు వస్తరు రేపు. వాళ్ల గుండె జారదా?"

రెండో కాగితం చించేశారు. ఆయన చెడ్డమనిషి కాదు. సొంత తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. ఉత్తరం రాక చాలా రోజులైంది. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

శనివారం సభలో మొదటి కాగితం గొంతెత్తి చదివాను. "ఆ విమానాన్ని అందుకునేది లోకంలో ఏదీ లేకపోయింది" అని ముగిస్తే చప్పట్లు ఆగలేదు. హెడ్మాస్టరుగారు నాకు కొత్త కలం బహుమతిగా ఇచ్చారు. వెనక స్తంభం పక్కన మామ నిలబడి ఉన్నాడు. చప్పట్లు కొట్టలేదు. నేను ఇంకా చెబుతానని చూస్తున్నాడు. నేను దిగిపోయేసరికి ఆయన తల వంచుకుని బయటికి నడిచాడు.

నేరుగా ఆయన ఇంటికి పోయాను. గుమ్మంలో నిలబడే చెప్పాను, "సారు కాగితం చింపిండు మామా" అని.

"కాగితం చింపిండు. నీకు యాదికి లేదా?"

రెండు కాగితాలూ కంఠతా పట్టినదాన్నే. తిడతాడేమో అనుకున్నాను. మామ చేతులు కడుక్కుని వచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మకు కూడా చెప్పని సంగతి నాకు చెప్పాడు.

వెనకటి ప్రపంచ యుద్ధం చివర్లో ఇంగ్లీషువాళ్లు తయారుచేసిన నమూనా జెట్లే తర్వాత మన దేశానికీ వచ్చాయట. మామ వాటి మీదే పనిచేశాడు. ఒకరోజు పొద్దున కొత్తగా వచ్చిన పైలట్, మామ కంటే చిన్నవాడు, పంకా విమానాలు నడిపి అప్పుడప్పుడే జెట్లకు మారినవాడు, "ఇంజను ఎట్లున్నది?" అని అడిగాడు. ఆ పొద్దున పరీక్షలో అది వేగం అందుకోవడానికి కొంచెం ఎక్కువసేపు తీసుకుంది. రూల్సు ప్రకారం తప్పు లేదు. పక్కన పెద్ద ఆఫీసర్లున్నారు. "బాగున్నది సార్" అన్నాడు మామ.

దిగేటప్పుడు ఆ విమానం బాగా కిందికి వచ్చేసింది. పాత అలవాటుకొద్దీ అతను చివరి నిమిషంలో శక్తి కోసం ప్రయత్నించి ఉంటాడు. ఇంజను తన వ్యవధి తాను తీసుకుంది. విమానం రన్‌వేకి ఇవతల, చేన్లో పడిపోయింది. ప్రమాదంలో పైలట్‌ని బయటికి ఎగరేసే సీటు ఆ విమానాలకు లేదు.

"అబద్ధమాడలే బిడ్డా. బాగనే ఉండె. సగం చెప్పిన, గంతే" అన్నాడు. "విచారణల నా తప్పు లేదన్నరు. ఆ పిలగాని నాయిన వచ్చిండు. పొద్దుగాల్ల నా కొడుకు ఏమన్న మాట్లాడిండా అని అడిగిండు. నవ్వుకుంట పోయిండని చెప్పిన. ఇంజను గురించి అడిగిండని చెప్పలే. ఆయనకు గూడ సగమే చెప్పిన."

చేతులు ఎప్పుడో ఆరిపోయాయి. అయినా తువ్వాలతో తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

సోమవారం ఆటల పీరియడులో మా తరగతి వాళ్లను కూర్చోబెట్టి మిగిలిన సగం చెప్పాను. కొందరు లేచిపోయారు. ఒకమ్మాయి నన్ను పిరికిదన్నది. ఆ నెలంతా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మామకు చెబితే "ఊఁ" అన్నాడు, అంతే. అప్పుడాయన నన్ను మెచ్చుకుంటే బాగుండునని చాలా అనిపించింది.

తర్వాత నేను నర్సునయ్యాను. మానుకోట వైపు కొన్నేళ్లు, కాటారం వైపు చాలా ఏళ్లు పనిచేశాను. ఆపరేషన్ అంటే బాగయ్యే సంగతీ చెప్పేదాన్ని, కాకపోయే సంగతీ చెప్పేదాన్ని. భయపెడతావని తిట్టినవాళ్లున్నారు. ఒక్కసారి మాత్రం, కూతురి కోసం వెక్కివెక్కి ఏడుస్తున్న ఒక అవ్వను చూడలేక "ఏం కాదు పో అవ్వా" అనేశాను. ఆ పిల్ల బతికింది. ఇంటికి పోయే రోజున మనసాగక, ఎంత ప్రమాదం తప్పిందో అవ్వకు చెప్పాను.

ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసింది. "మరి గప్పుడెందుకు చెప్పలే బిడ్డా? నేను తట్టుకోననుకున్నవా?" అన్నది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరైనా ధైర్యం చెప్పమని నా చెయ్యి పట్టుకుంటే, మొదట ఆ అవ్వ చూపు గుర్తొస్తుంది. అప్పుడు నెమ్మదిగా, పక్కన కూర్చుని, మొత్తం చెబుతాను.