మెట్ల కిందికి వచ్చిన ట్యాంకరు

నా చిన్నప్పుడు మా ఇల్లు విజయవాడ వన్ టౌన్‌లో కొండ మెట్ల మీద ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే కుళాయి నీళ్ళు అంత పైకి ఎక్కేవి కావు. ఒక ఎన్నికల ఏడు కొత్త పార్టీవాళ్ళు మెట్ల కిందికి రోజూ ట్యాంకరు పంపించడం మొదలుపెట్టారు. పిల్లలకు బ్యాడ్జీలు ఇచ్చారు, పాట నేర్పారు, మా అమ్మమ్మను "పెద్దమ్మగారూ" అని పిలిచారు. అంతకుముందు ఏ పార్టీవాడూ మా గుమ్మం దాకా ఎక్కి వచ్చిన పాపాన పోలేదు. అందరం మురిసిపోయాం. నేనైతే బ్యాడ్జీ తీయకుండానే పడుకునేదాన్ని.

కొన్నాళ్ళకు ఆ పాటలో ఒక చరణం పెరిగింది. మన కష్టాలన్నిటికీ వాళ్ళే కారణమట. ఆ వాళ్ళెవరో నేను ఆలోచించలేదు. రాగం బాగుంది, పాడేశాను.

వారం తిరక్కుండానే, మేం బిందెలు వరుసలో పెట్టుకునే చోట ఒక కార్యకర్త నా పక్కన కూర్చుని, చర్చికి వెళ్ళేవాళ్ళ బిందె ఏదమ్మా అని ముద్దుగా అడిగాడు. వరుసకు కాపలా కాసేది నేనే. ఏ సొట్ట ఎవరి బిందెదో నాకు కంఠతా వచ్చు. గొప్పగా చూపించాను. అది మైలవరం నుంచి వచ్చిన పక్కింటి అత్తయ్యది. ఆవిడకు ఇంట్లో నెలల బిడ్డ. అతను ఆ బిందెను కాలితో పక్కకు నెట్టాడు. అత్తయ్య అక్కడే నిలబడి ఉంది. వరుసలో వెనకున్నవాళ్ళు తమ బిందెలు ముందుకు జరుపుకున్నారు.

అమ్మమ్మ అప్పుడే నిండిన తన బిందె ఎత్తి అత్తయ్య చంకన పెట్టింది.

"ఇదంతా మీ కోసమేనండీ, పెద్దమ్మగారూ" అని అతను నసిగాడు.

"నా కోసమైతే నన్నడిగి చెయ్యి. పసిబిడ్డ తల్లి గొంతు ఎండబెట్టి పోసే నీళ్ళు నాకొద్దు. నువ్వే తాగు నాయనా!"

అమ్మమ్మ నన్ను కొట్టలేదు. పోలింగు దాకా రోజూ పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కింద బజారులోని బోరింగు దాకా దిగేది. రెండిళ్ళకూ నీళ్ళు మోశాం. మొదటి బిందె అత్తయ్య గుమ్మంలో నా చేతే దింపించేది. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఎన్నికలో వాళ్ళే గెలిచారు. మా మెట్ల మీద చాలామంది వాళ్ళకే వేశారు. నాకు ఒళ్ళు మండుతుంది కానీ, బ్యాడ్జీ పెట్టుకుని ఊరేగినదాన్ని, ఎవరిని ఏమనను? అత్తయ్యవాళ్ళు మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు. అమ్మమ్మ చేయనివ్వలేదు.

ఇప్పుడు గవర్నర్‌పేటలో ఉంటున్నాను. మొన్న ఎన్నికలప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వచ్చి, మా అపార్ట్‌మెంటులో ఏ ఫ్లాటువాళ్ళు ఏ దేవుడికి మొక్కుతారో చెప్పండి ఆంటీ అని ఎంతో మర్యాదగా అడిగారు. నాకు అందరి సంగతీ తెలుసు. చెప్పనన్నాను. మోకాళ్ళ నొప్పితోనే లిఫ్టు దాకా వెళ్ళి, ఇంకో తలుపు కొట్టకుండా వాళ్ళు దిగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ ప్రశ్నకు నేను ఒక్కసారి జవాబు చెప్పాను. ఈ జన్మకు అది చాలు.