నలభై మూడో ఫారం

దయ్యాలంటే నాకు చిన్నప్పుడు కూడా భయం లేదు. గుడివాడలో మా అమ్మ దిష్టి తీస్తానని ఉప్పు పట్టుకొస్తే నవ్వేదాన్ని. పాప పుట్టాక భయాలు మొదలయ్యాయి గానీ, అవన్నీ జ్వరాల గురించి, వీధికుక్కల గురించి, మూత లేని నీళ్ళ డ్రమ్ముల గురించి. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నేను చూసింది బతికున్న మనిషిని. నా ఇబ్బందంతా అక్కడే ఉంది.

ఇది రాయడానికి కారణం మా ఆడపడుచు లావణ్య. డిగ్రీ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం యాభై మంది ఆడవాళ్ళని కలిసి ఫారాలు నింపాలి. పోయిన వారం మా ఇంటికొచ్చి కాయితాల కట్ట మంచం మీద పడేసింది.

"వదినా, ముప్పై అయ్యాయి. మిగతావి మనిద్దరం కూర్చుని నింపేస్తే ఏమవుద్ది? మా క్లాసులో అందరూ అదే చేస్తన్నారు."

నవ్వుతూనే అడిగింది. నేను ఆ కట్ట తీసి పక్కన పెట్టి తనని కూర్చోబెట్టాను. ఆ తర్వాత తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పాప నిద్రపోయింది. ప్రాజెక్టు రాసే పిల్లలెవరైనా ఇది చదివితే నాకు కాస్త తేలికగా ఉంటుంది.

ఏడేళ్ళ కిందట నేను బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. నా ప్రాజెక్టు అంశం దివిసీమ పల్లెల్లో ఇంటి లోపల ఆడవాళ్ళు తినే దెబ్బలు. నేనే ఎంచుకున్నాను, మంచి అంశమని. మూడు రోజులు ఊళ్ళు తిరిగాను. ఒక అంగన్‌వాడీ టీచరు గారు తోడు వచ్చి, ప్రతి ఫారం మీదా సాక్షిగా సంతకం పెట్టారు. చదువురాని వాళ్ళ చేత ఎడమ బొటనవేలి ముద్ర వేయించాం.

అత్తగారు గుమ్మంలో నిలబడి వింటుంటే ఎవరు మాట్లాడతారు? ఒకావిడ జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంటూ, "మా ఆయన బంగారం అండి" అంది. అలాంటివే ముప్పై ఎనిమిది వచ్చాయి. గడువు ముంచుకొచ్చింది. పన్నెండు తక్కువ.

హాస్టల్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ పన్నెండూ నేనే నింపాను. నాలుగు రకాల పెన్నులు వాడాను. స్టాంపు ప్యాడ్ తెచ్చుకుని పది ఫారాలకి నా పది వేళ్ళూ, మిగిలిన రెండింటికి కాళ్ళ బొటనవేళ్ళూ అద్దాను. నా రూమ్మేటు చూసి, "నీ ఒంట్లోంచే ఊరంతా పుట్టించావే" అని పడీపడీ నవ్వింది.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పని నాకు బాగా నచ్చింది. నిజంగా కలిసినవాళ్ళ జవాబులు చప్పగా ఉన్నాయి. నావి బాగుండాలనుకున్నాను. మిక్స్చర్ పొట్లం పక్కన పెట్టుకుని, ఏ దెబ్బ ఎక్కడ తగిలితే చదివేవాళ్ళకి గుర్తుండిపోతుందా అని ఆలోచించాను.

నలభై మూడో ఫారంలో నేను రాసినవి ఇవి. పేరు తిరుపతమ్మ. వయసు ఇరవై ఆరు. పదిహేడో ఏట పెళ్ళి. ఇద్దరు ఆడపిల్లలు, ఒకరికి ఎనిమిదేళ్ళు, ఒకరికి నాలుగు. భర్త రొయ్యల చెరువుల దగ్గర కాపలా కాస్తాడు, తాగుతాడు. ఊరు నాగాయలంక దాటాక ఒక పల్లె. బస్సులోంచి దాని బోర్డు చూశానంతే, దిగలేదు.

మొదటి దెబ్బ: కత్తిపీట విసిరాడు. అడ్డం పెట్టిన ఎడమ బొటనవేలు ఏటవాలుగా తెగింది. రెండోది: చెయ్యి తలుపు సందులో ఉండగా తలుపు వేసి కాలితో తన్నాడు. మూడోది: పొయ్యి మీది పెనానికి చెంప ఆనించి, అరుపు ఆగేదాకా అదిమి పట్టాడు. చెంప మీద నెలవంకలాగా మచ్చ మిగిలింది.

ఆఖరి ప్రశ్న, "మీకు అన్నిటికన్నా భయం దేనికి?" దానికి నేను రాసిన జవాబు: "చిన్నదాన్ని చెరువులో విసిరేస్తాడని."

వైవాలో మా గైడు మేడమ్ ఆ జవాబు పైకి చదివించారు. "బాగా మాట్లాడించావమ్మా" అన్నారు. రిపోర్టులో తిరుపతమ్మ కథ ఒక పేజీ ఉంది. కింద కాలేజీ ముద్ర ఉంది. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. ఆ తర్వాత పెళ్ళి, కాపురం, పాప. తిరుపతమ్మని మర్చిపోయాను.

పోయిన నెల వీధికుక్క గోరు పాప పిక్క మీద గీరుకుంది. రక్తం రాకపోయినా నేను ఊరుకోలేక బందరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఉదయం పదకొండు గంటలు. సూదులు వేసే గదిలోనే కట్లూ కడుతున్నారు. నా ముందు బల్ల మీద ఒకావిడ, ఒళ్ళో చిన్నపిల్ల. ఆవిడ జుట్టు రక్తంతో అట్టకట్టి ఉంది. సిస్టర్ దాన్ని కత్తిరిస్తుంటే కింద తెగిన చర్మం తెరుచుకుని లోపల తెల్లగా ఏదో కనిపించింది. నేను పాప కళ్ళు మూశాను.

"ఎలా తగిలింది?" అంది సిస్టర్.

"జారిపడ్డానండి."

"జారిపడితే చెంప మీద పెనం అచ్చు కూడా పడుద్దా?"

ఆవిడ తల తిప్పింది. అప్పుడు చూశాను. కుడి చెంప మీద, నల్లగా, నెలవంక.

మచ్చలు చాలామందికి ఉంటాయి. నేను అలాగే అనుకున్నాను. సిస్టర్ చీటీ చూసి, "తిరుపతమ్మా, కదలకు" అంది. తిరుపతమ్మలూ మా వైపు వీధికి ఇద్దరుంటారు. కానీ ఆ పిల్ల చుట్టూ చుట్టుకున్న ఆవిడ ఎడమ చేతి బొటనవేలు నాకు కనిపిస్తోంది. గోరు పక్క నుంచి కణుపుదాకా ఏటవాలుగా పాత గాటు.

కుట్లు వేశాక బయట వరండాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏ ఊరని అడిగాను. చెప్పింది. ఆ బోర్డు మీద చదివిన ఊరే. ఆయనేం చేస్తారంటే, "రొయ్యల చెరువుల కాడ కాపలా అండి" అంది. వయసు అడిగాను. ఇరవై ఆరు.

"ఒక్కతేనా పాప?"

"పెద్దది ఉందండి, ఎనిమిదేళ్ళు. తోట్లవల్లూరులో మా అన్నయ్య కాడ చదువుకుంటంది. ఇది చిన్నది. నాలుగు నిండాయి."

వేళ్ళ మీద లెక్క వేశాను. నేను ఫారం రాసేనాటికి ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. ఆ చిన్నపిల్ల పుట్టనే లేదు. చెంప మీది మచ్చ ఎప్పటిదని అడిగితే, "ఇది కడుపులో ఉండగా" అంది. అంటే అదీ తర్వాతదే. నేను రాసిన వయసులన్నీ ఈ సంవత్సరానివి. ఫారంలో అన్నీ జరిగిపోయాయి. ఒక్క జవాబు మిగిలింది.

ఆ పిల్ల నా పాపకి తన బిస్కెట్ విరిచి ఇస్తోంది.

"చిన్నదాన్ని చెరువు దగ్గరికి వెళ్ళనివ్వకండి" అన్నాను.

ఆవిడ ముఖంలో రంగు పోయింది. "మీకెవరు చెప్పారండి? నేను ఎవరితోనూ అనలేదు." పిల్లకి వినపడకుండా చెప్పింది. ముందు రోజు సాయంత్రం దీన్ని ఒక్క చెయ్యి పట్టుకుని చెరువు మీదికి వేలాడదీశాడట. కింద నీళ్ళు చిలికే ఏరేటర్ తిరుగుతోందట. ఆవిడ కాళ్ళు పట్టుకుంటే పిల్లని గట్టు మీద పడేసి, పార తిప్పి ఆవిడ తల మీద కొట్టాడు. "ఈసారి వదిలేస్తానే అన్నాడండి. కొడతానని కాదు, వదిలేస్తానని."

"ఇంటికి వెళ్ళకండి" అన్నాను.

"బట్టలన్నా తెచ్చుకోవాలండి."

"వద్దు. ఇటునుంచి ఇటే మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోండి."

"ఆయన వచ్చేసరికి ఇంట్లో లేకపోతే చంపేస్తాడండి." అలా అని నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఇంతకీ మీరెవరండి?"

ఒకప్పుడు మీ ఊళ్ళ గురించి ప్రాజెక్టు రాశానని మాత్రం అన్నాను. ఆటో మాట్లాడి బస్టాండుకి తీసుకెళ్ళి, బస్సు ఎక్కించి, కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. నా నంబరు ఇచ్చాను. పాపకి సూది వేయించలేదన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. మళ్ళీ పరుగెత్తాను.

మూడో రోజు తిరుపతమ్మ ఫోన్ చేసింది. పక్కింటివాళ్ళు ఆవిడ అన్నయ్యకి చెప్పిన సంగతి ఇది. తిరుపతమ్మ బస్సెక్కిన సాయంత్రమే ఆవిడ భర్త తాగి ఇంటికొచ్చాడు. మంచం కోళ్ళు పారతో నరికాడు. తర్వాత దుప్పట్లో చుట్టిన దాన్నేదో భుజాన వేసుకుని, చిన్నదాని పేరు పెట్టి తిడుతూ చెరువు గట్టెక్కి, నీళ్ళలోకి విసిరాడు. పిల్లే అనుకుని ఇద్దరు మగవాళ్ళు దూకారు. అది ఏరేటర్ రెక్కలకి చుట్టుకుని చీలిపోతోంది. పైకి లాగితే దిండూ పిల్ల గౌనూ, గట్టంతా దూది. గట్టు మీద అతను మాత్రం, "పోయింది, పోయింది" అని నవ్వుతూనే ఉన్నాడట. పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. ఇప్పటికీ పిల్లనే విసిరానంటున్నాడట.

ఆ ఆదివారం గుడివాడ వెళ్ళాను. ఫారాల కట్ట మా అమ్మ ఇనప్పెట్టెలో ఉంది. "పిల్లని ఏడిపించుకుంటా ఇప్పుడీ కాయితాలేంటే?" అని అమ్మ విసుక్కుంది. నలభై మూడోది తీశాను. ఊళ్ళో నింపిన ఫారమేదైనా ఇందులో కలిసిపోయిందేమోనని ముందు అదే చూశాను. దీని మీద టీచరు గారి సంతకం లేదు. చేతిరాత నాదే. ఒక మూల మిక్స్చర్ నూనె మరక కూడా ఉంది.

కింద ముద్ర ఉంది. ముద్ర మధ్యలో, ఏటవాలుగా, సిరా అంటని సన్నటి తెల్లగీత.

స్టాంపు ప్యాడ్ కొని నా పది వేళ్ళూ రెండు కాలి వేళ్ళూ వేసి చూశాను. ఏ వేలికీ ఆ గీత లేదు. పదకొండు ఫారాల మీది ముద్రలకి నా వేళ్ళు ఒక్కొక్కటీ దొరికాయి. నా కుడి చేతి చిటికెన వేలి ముద్ర మాత్రం ఏ ఫారం మీదా లేదు. దాన్నీ అద్దినట్టు నాకు బాగా గుర్తు.

మావారికి చూపిస్తే, అప్పుడెప్పుడో ఆవిడ గురించి ఎవరైనా చెబితే విని మర్చిపోయి ఉంటావన్నారు. కావచ్చు. కానీ పుట్టని పిల్ల గురించి ఎవరు చెబుతారు? నేను రాయడం వల్ల ఆవిడకి ఆ దెబ్బలు తగిలాయా, తగలబోయేవి ఎలాగో నా చేతికొచ్చాయా? ఎటు తిప్పినా నాకు తేలలేదు. ఇప్పటికీ తేలదు.

ప్రాజెక్టు రాసే పిల్లలకి నేను చెప్పగలిగేది కొంచెమే. ముప్పై మందే దొరికితే ముప్పై అనే రాయండి. మార్కులు తగ్గితే తగ్గనివ్వండి. అత్తగారిని మంచినీళ్ళు అడిగి లోపలికి పంపించి అప్పుడు ప్రశ్న వేయండి. మాట్లాడని మనిషి చేతుల కేసి చూడండి. ఏం జరిగినా ఒకరి ఒంటి మీద దెబ్బ మీరు కూర్చుని ఊహించకండి.

ఆ పదకొండు ఫారాలూ ఇప్పుడు నా ముందే ఉన్నాయి. వాటిలో వయసులున్నాయి, ఊళ్ళ పేర్లున్నాయి. ఒకావిడ ఒంటి మీద కిరోసిన్ పోసినట్టు రాశాను. ఒకావిడ కడుపు మీద తన్నినట్టు రాశాను. రేపు ఉదయం పాపని మా అత్తగారికి అప్పజెప్పి, లావణ్యా నేనూ మొదటి ఊరికి వెళ్తున్నాం. ఖాళీగా ఉన్న తన ఇరవై ఫారాలు కూడా సంచిలో పెట్టుకుంది.

పడుకోబోయే ముందు లావణ్య అడిగింది. "వదినా, అక్కడికెళ్తే ఆ పేరుగలావిడే లేదనుకో?"

"లేకపోతే ఫారం అక్కడే చింపేద్దాం."

"ఉంటే?"

మొదటి బస్సు ఐదున్నరకి.