పగుళ్ళకు గాజుముక్కలు కాపలా పెట్టిన మనిషి

కార్తీక సోమవారం ఉదయం తులసి ముందు దీపం పెట్టి ఇంకా లేవనే లేదు, ఫోను మోగింది. అవతల మా పెద్దబాపు కొడుకు రవి. "అక్కా, బాపు పోయిండే. చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నడు. పిలిస్తె పలుకుత లేడు..." ఆ తరువాత వాడు చెప్పిన మాటలేవీ నాకు అర్థం కాలేదు. నాలుగు రోజుల కిందటే నాతో పావుగంట మాట్లాడిన కంఠం శాశ్వతంగా మూగబోయిందంటే మనసు ఒప్పుకోలేదు. తొర్రూరు బస్టాండుకు ఎట్లా నడిచానో, బస్సు ఎట్లా ఎక్కానో ఇప్పటికీ గుర్తులేదు.

మా నాన్నకు అన్న అయిన మా పెద్దబాపు సోమనర్సయ్య గారు పాలకుర్తి దగ్గరి ఒక పల్లెలో సున్నపు పని చేసే కుటుంబంలో పుట్టారు. నేను పెరిగిన మా పట్టణ పురపాలక కార్యాలయంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, ఆ కొలువులోనే తల నెరిసి, పదవీ విరమణ తరువాత కూడా ఆ భవనాన్ని విడిచి ఉండలేకపోయారు. ఈ వ్యాసం చదివేవారిలో జనన ధ్రువపత్రం కోసమో, పింఛను కోసమో, నల్లా కోసమో ఆ వరండాలో కూర్చున్నవారు ఎందరో ఉంటారు. అక్కడ గోడ మీద చెయ్యి ఆనించి నిలబడే సన్నటి ముసలాయన వారికి గుర్తుండే ఉంటారు. ఆయనే మా పెద్దబాపు.

నాకు ఆయన పెద్దబాపు మాత్రమే కాదు, గురువు కూడా. పసితనంలో వచ్చిన జ్వరం నా ఎడమ కాలిలోని సత్తువను తీసుకుపోయింది. బడి ఊరికి ఆ చివరన ఉండేది. "ఆడపిల్ల, నడవలేదు, ఎందుకులే" అన్నారు ఇంట్లోవాళ్ళు. అప్పుడు మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పెద్దబాపు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పాడైపోయిన టెండరు నోటీసులు తెచ్చేవారు. వాటి వెనుక వైపు తెల్లగా ఉండేది. అక్కడే నాకు అక్షరాభ్యాసం. వెనుక వైపు నిండిపోతే నోటీసు తిప్పి ముందు వైపు చదివించేవారు. అందువల్ల మిగతా పిల్లలు ఉడుత, ఏనుగు అని రాసే వయసులో నేను శిథిలావస్థ, మరమ్మతు, పునర్నిర్మాణం అని రాసేదాన్ని. మా పెద్దమ్మ నవ్వేది. "ఏందయ్యా, పిల్లను మున్సిపల్ కమిషనర్ను జేస్తవా?" పెద్దబాపు నవ్వేవారు కాదు. "ఏమో, ఎవలు జూసిన్రు," అనేవారు. ఇవాళ నేను భాగవతం చదువుకోగలుగుతున్నానంటే, ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆ చేతి చలువ. దేవుడు నాకు నడక తక్కువ చేసి ఆయన్ను ఇచ్చాడనుకుంటాను. ఆ లెక్కన నాకు దక్కిందే ఎక్కువ.

ఆ శిథిలావస్థ అన్న మాట నోటీసులోకి ఊరికే రాలేదు. పురపాలక భవనం పాతది. రాతి గోడలు, గానుగ సున్నం, టేకు దూలాలు, ముందు పొడవైన వరండా. దానిని బాగు చేయాలా, పడగొట్టి కొత్తది కట్టాలా అన్న చర్చ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. ఒక పాలకవర్గం మరమ్మతు అని తీర్మానిస్తుంది. దాని గడువు తీరి వచ్చిన మరో పాలకవర్గం కొత్త భవనం అంటుంది, శంకుస్థాపన చేస్తుంది. తరువాతివారు ఆ స్థలం చాలదంటారు, బైపాసు దగ్గర చూద్దామంటారు. ఆ శంకుస్థాపనల శిలాఫలకాలు వెనుక గోడకు ఆనించి వరుసగా ఉండేవి. వరండా ఊడ్చే సమ్మక్క వాటి మీదనే తుడుపుగుడ్డలు ఆరవేసేది. ఒకనాడు పెద్దబాపుతో, "సారూ, గీ రాళ్ళన్ని ఒకదాని మీదొకటి పేరిస్తె ఇప్పటికి ఒక రూము లేస్తుండె గదా!" అందట. ఆయన ఇంటికి వచ్చి చెప్పి, తలచుకుని తలచుకుని నవ్వారు.

పడగొట్టాలని వచ్చిన ప్రతి అధ్యక్షుణ్ణీ ఆయన చెయ్యి పట్టుకుని భవనమంతా తిప్పేవారు. ఏ దూలం ఎక్కడ ఆనిందో, ఏ గోడ ఏ గోడను మోస్తుందో చెప్పేవారు. "పాతదైంది గాదు సారు, అలిసింది. అలిసినదాన్ని జర కూసోవెట్టాలె గని గొయ్యి దవ్వుతమా?" అని ఒక అధ్యక్షునితో అన్న మాట పట్టణంలో చాలాకాలం చెప్పుకున్నారు. పొద్దున ఆఫీసుకు వెళ్తూ మెట్టు ఎక్కే ముందు గడపకు దండం పెట్టేవారు. గుడికి ఏడాదికి ఒకసారి వెళ్ళే మనిషి. నేనడిగితే, "గీడికి వచ్చేటోళ్ళంత ఏదో ఒక ఆపతితోనే వస్తరు బిడ్డా. గుడికైనా గందుకే గద పోయేది," అన్నారు.

ఆయన పని పద్ధతి ఒకటి చెప్పాలి. గోడలో పగులు కనబడితే అది పాతదా, ఇంకా పెరుగుతున్నదా అని తేల్చడానికి కిటికీ అద్దాన్ని వేలి వెడల్పున కోసి, పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివరలా సిమెంటు ముద్దతో అతికించేవారు. పక్కన పెన్సిలుతో తేదీ వేసేవారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. పగలకపోతే గోడ నిలకడగా ఉన్నట్టు. పెద్ద చదువుల ఇంజినీర్లు వచ్చినా ఆ గాజుముక్కలను చూసి, "నర్సయ్య గారు ఏమంటారు?" అనే అడిగేవారు. విశ్రాంతి పొందాక కూడా ప్రతి సోమవారం వెళ్ళి ఒక్కొక్క గాజునూ తడిమి చూసి వచ్చేవారు. ఏళ్ళ తరబడి ఒక్కటీ పగలలేదు. ఆయన మాటకు ఆ బలం ఉండేది.

ఇక రాయబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. కానీ ఆయన బతికి ఉండగా దాచనిదాన్ని పోయిన తరువాత నేను దాచితే ఆయన నాకు నేర్పిన చదువుకు అర్థముండదు.

మొన్నటి వానాకాలం ముసురు తెరిపియ్యని రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆయన గొడుగుతో తొర్రూరులో మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు. ముఖం కళ తప్పి ఉంది.

"బిడ్డా, కాయిదం కలం తే. నా చెయ్యి వణుకుతుంది, నువ్వే రాయాలె."

ఏమి రాయాలో చెప్పే ముందు జరిగింది చెప్పారు. వరండాలో పెద్ద దూలం ఆనిన గోడ మీది గాజు వానలు మొదలైన కొత్తలో పగిలింది. ముందు చూసింది సమ్మక్క. ఊడుస్తూ ముక్కలు ఏరి ఆయనకు చూపింది. రోడ్డు రోలరు పోయింది, ఆ అదురుకు పగిలి ఉంటుందని ఆయన తనకు తాను చెప్పుకున్నారు. కొత్త గాజు అతికించి, పాత తేదీని అట్లాగే ఉంచారు. నెల తిరగకముందే అది కూడా పగిలింది. ఈసారి ఏ రోలరూ పోలేదు. అయినా మళ్ళీ మార్చారు.

"ఎందుకు జేసినవు పెద్దబాపూ?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"వచ్చే శనివారం మీటింగున్నది. మరమ్మతుకే తీర్మానం జేస్తున్రు. ముప్పై ఏండ్ల సంది నేను అడుగుతున్నది గదే గద బిడ్డా. నేను నోరు మూసుకుంటె అయిపోతది."

మళ్ళీ ఆయనే అన్నారు.

"నిన్న సమ్మక్కకు చెప్పిన, గాజు సంగతి ఎవలకు చెప్పకు, ఏం గాదు అని. 'నువ్వు జెప్పినంక ఇంకేంది సారూ, నీకు దెల్వదా' అన్నది. అని, గా దూలం కిందనే సద్ది ఇప్పుకొని కూసున్నది. పక్కన తండాల కెళ్ళి వచ్చిన ఇద్దరు అవ్వలు, ఒకామె ఒళ్ళె పసిపిల్ల. అందరు గాడ్నే. నాకు నిన్నటి సంది బుక్క దిగుత లేదు."

నేను కాగితం తెచ్చాను.

"రాయి. 'నేను అబద్ధమాడిన' అని రాయి."

"పెద్దబాపూ, 'పరిశీలనలో లోపం జరిగింది' అని రాద్దాం. అందరు సదువుతరు."

ఆయన నా వైపు చూసిన చూపు మరువలేను. "లోపం జరుగలె బిడ్డా, నేను జేసిన. రెండుసార్లు జేసిన. నీకు అచ్చరాలు నేర్పింది గిందుకా?"

ఆయన చెప్పినది చెప్పినట్టే రాశాను. కళ్ళ నీళ్ళు కాగితం మీద పడకుండా పక్కకు జరిగి రాశాను. ఒకసారి చదివించుకుని విన్నారు. "ఇన్నేండ్లు దానికి కావలి గాసి, ఇయ్యాల నేనే కూలగొడుతున్న," అన్నారు. తరువాత చెంబెడు నీళ్ళతో ముఖం కడుక్కుని, "ఇగ జరంత అన్నం పెట్టు," అన్నారు.

శనివారం ఆయన వెంట నేనూ వెళ్ళాను. సభలో ఉత్తరం చదివి వినిపించారు. వెంటనే ఒక సభ్యుడు లేచి, "ఏమయ్యా పెద్దమనిషీ, గోడ గట్టిగున్నది గట్టిగున్నది అని ఇన్నేండ్లు మమ్ముల తిప్పితివి. ఇప్పుడు గిట్లంటివి. ఏది నమ్మాలె?" అన్నాడు. కొందరు నవ్వారు. పెద్దబాపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "గప్పుడు గట్టిగనే ఉండె సారు. ఇప్పుడు లేదు. గోడ దాచలె, నేను దాచిన. ముందుగాల గా మందిని ఆడికెళ్ళి లేపున్రి. ఎన్క నన్ను ఏమన్న అనున్రి."

వారంలోగా కార్యాలయం అద్దె భవనంలోకి మారింది. వరండాకు కంచె కట్టారు. సమ్మక్క మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగోనాడు ఇంటికే వచ్చి గడపలో కూర్చుందట. "కోపం వోయిందా సమ్మక్కా?" అని ఆయన అడిగితే, "పోలె. పోతదని ఎవలు జెప్పిన్రు? చాయ తాగుదామని వచ్చిన," అందట.

కానీ ఆయన సోమవారాలు పోయాయి. అలవాటు కొద్దీ బయలుదేరి, ఎదురుగా హోటలు దగ్గర బల్ల మీద కూర్చుని, తాళం వేసిన తలుపులను చూసి వచ్చేవారని రవి చెప్పాడు. లోపల పాలకవర్గంలో మాత్రం వాదం ఆగలేదు. ముందు భాగం నిలుపుదామని కొందరు, మొత్తం తీసేద్దామని కొందరు, బైపాసుకే పోదామని మరికొందరు. చివరిసారి ఫోను చేసినప్పుడు ఆయన అడిగింది అదే.

"ఏం తీర్మానం జేసిన్రట బిడ్డా?"

"వాయిదా వేసిన్రట పెద్దబాపూ."

నవ్వారు. "నేను జూస్తనో లేదో," అన్నారు. "గట్లనకు, వచ్చే వారం వస్త," అన్నాను నేను. ఆ వెళ్ళేదేదో ఆనాడే వెళ్ళి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడు నా మనసు నన్నే నిందిస్తున్నది. ఆ చేతిని ఒక్కసారి కళ్ళకద్దుకునేదాన్ని.

పదకొండో రోజున పురపాలక కార్యాలయం నుంచి కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ పెద్దబాపు ఇంటికి వచ్చింది. పటానికి దండం పెట్టి, మొహమాటపడుతూ అడిగింది. "ఆ భవనం అడుగున ఎక్కడో పూడ్చిన పాత బావి ఉందంటున్నారు. ఉంచినా, తీసినా అది తెలియాలి. నర్సయ్య గారు మీకెవరికైనా చెప్పారా?" రవి నా వైపు చూశాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. నాకు తెలియదు. ఆయన నాకు ఇంత చదువు చెప్పారు. నేను ఆయన్ను అడగవలసినవి ఎన్ని అడగలేదో ఆ క్షణంలో తెలిసింది. ఏ కాగితంలోనూ లేనిది ఆయన తలలో ఎంత ఉండెనో అదంతా చితిలో కాలిపోయింది.

ఆమె వెళ్ళాక, కర్మకు వచ్చిన సమ్మక్క పటం ముందు కూర్చుంది. ఏడవలేదు. పటంతోనే మాట్లాడింది. "నువ్వు జెప్పకపోతె నేను ఇయ్యాల్టికి గాడ్నే కూసుంటుంటి సారూ. నిన్ను నమ్మి కూసుంటుంటి." పెద్దమ్మ వచ్చి ఆమెను అన్నానికి లేపింది.

ఆ దూలం పడేదో నిలిచేదో నేను చెప్పలేను, ఏ ఇంజినీరూ చెప్పలేడు. రేపు పాలకవర్గం ఏ తీర్మానం చేసినా సరే, ఆ గోడ మీద చెయ్యి ఆనించి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి మా పట్టణానికి ఇక లేడు. ఆయన్ను మాకు ఇన్నేళ్ళు ఇచ్చినందుకు స్వామికి కృతజ్ఞత చెప్పుకోవాలని కూర్చుంటాను. దండం పెట్టిన చేతులు పెట్టినట్టే ఉంటాయి.

సమ్మక్క ఆ ఇంట కడుపు నిండా తిన్నది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, డ్యూటీకి యాళ్ళయిందంటూ లేచింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా నేను గడపలోనే నిలబడి చూశాను.