నేను చూస్తేనే మసకబారే మందు

ఆ రోజుల్లో మాస్కు వెనక ఎవరికీ మొహం ఉండేది కాదు గానీ, ఊపిరనేది ఒకటుందని మాత్రం అందరికీ బాగా తెలిసొచ్చింది. నేనప్పుడు జర్మనీలోని ఆకెన్‌లో చదువు ముగించి, ఒక ఆసుపత్రి మందుల ల్యాబులో కొత్తగా చేరాను. కాలేజీ దాకా బడి గడప తొక్కకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని (పరీక్షలప్పుడు తప్ప బెంచీ ఎరగను). అంత పెద్ద గదిలో నాకంటూ ఒక బల్ల ఇచ్చినందుకే రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

తిన్నది ఒంటబట్టని జబ్బున్నవాళ్ళకు ఛాతీ దగ్గర రక్తనాళంలోకి సన్నని గొట్టం పెట్టి, దాని గుండా పోషకాలు ఎక్కిస్తారు. వాడనప్పుడు అందులో క్రిములు కాపురం పెట్టకుండా యాంటీబయాటిక్‌నీ, రక్తం గడ్డకట్టనివ్వని మందునీ కలిపి నింపి మూసేస్తారు, ఇంటికి తాళం వేసినట్టు. ఆ రెంటికీ ఒక్కోసారి పొసగదు (తోడికోడళ్ళ లాగే). పొసగకపోతే మందు మబ్బేస్తుంది, పారబొయ్యాల్సిందే. మేము కొత్త పాళ్ళలో కలిపిన మందు ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి. బలం తగ్గిందో లేదో మిషను చెబుతుంది. తేటగా ఉందో లేదో నా కళ్ళు చెప్పాలి.

ఆ కబురు కోసం నాకంటే ఎక్కువగా ఎదురుచూసింది మా పైవాటాలో ఉండే వరంగల్ అక్క. ఆమెకూ అలాంటి గొట్టమే ఉంది. మందు నిలవ ఉంటుందన్న భరోసా లేక, ఏ రోజుకారోజు తాజాది వేయించుకోవడానికి కరోనా భయంలోనే బస్సెక్కి ఆసుపత్రికి పోయేది. మెట్ల మీద కనిపిస్తే దూరం నుంచే కేకేసేది.

"ఏం చెల్లె, మన మందు తేటగున్నదా?"

"లేదక్కా, ఇవాళ కూడా మసగ్గానే ఉంది."

"గట్లెట్లయితది? మంచిగ చూసినవా? నీ కండ్లకే మబ్బు పట్టిందేమో!"

విచిత్రమేమిటంటే, అదే సీసా మా పైఅధికారిణి చూస్తే తేటగా ఉండేది. (ఆవిడకు నేను పెట్టుకున్న పేరు కిటికీల మేడమ్. గదిలో గాలి మార్చడం జర్మన్లకు ఒక వ్రతం. కరోనా వచ్చాక ఈవిడ చలికాలంలో కూడా కిటికీలు బార్లా తెరిచి ఆ వ్రతం ఉద్యాపన లేకుండా చేసేది.) ఆవిడకు తేట, నాకు మసక. నా చేతి వేడేమోనని సీసాను పట్టకారుతో ఎత్తాను. వెలుతురేమోనని దీపం మార్చాను. మసకే. రానురాను భయం పోయి కుతూహలం పట్టుకుంది. మందుకు మనుషులు తెలుస్తారా?

చివరికి మేడమ్ వచ్చి నాకు ఎదురుగా నిలబడింది. "రోజూ ఎలా చూస్తావో అలాగే చూడు" అంది. మసక ఉంటే తెలియాలని పెట్టిన నల్ల అట్ట ముందు సీసా ఎత్తి పట్టుకున్నాను.

"ఆగు. నీ మాస్కు ఎందుకలా కదులుతోంది?"

"ప్రార్థనండీ. చూసే ముందు ధన్వంతరి శ్లోకం చదువుకుంటాను."

"ఏదీ, పైకి చదువు."

చదివాను. ధ, భ లాంటి ఒత్తక్షరం పలికితే నోటి ముందు పెట్టిన అరచేతికి గాలి తగలాలని మా అమ్మ నియమం. తగలకపోతే మళ్ళీ మొదటికి. ఆ గాలే ఇక్కడ మాస్కులోంచి పైకి తన్ని, కిటికీ చలికి చల్లబడిపోయిన నా కళ్ళజోడు మీద పల్చగా ఆవిరి పరుస్తోంది. నల్ల అట్ట ముందు మెరిసేది సీసా ఒక్కటే కాబట్టి, మసక కూడా దానిదేనని నమ్మాను.

నవ్వుతో మేడమ్ భుజాలు ఊగాయి. తర్వాత అంది: "మందు నిలకడగానే ఉంది. నువ్వు మీ దేవుడితో మనసులో మాట్లాడుకో. ఆయనకు వినిపిస్తుందిలే."

దాచిన సీసాలన్నీ మళ్ళీ చూశాను, పెదవి కదపకుండా. అన్నీ తేటే. కొన్నాళ్ళకు అక్క ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పైఅరలో ఆ మందు నింపిన సిరంజిలు కొలువుదీరాయి, బస్సు ప్రయాణాలు తగ్గాయి. "మబ్బు నీ కండ్లకే అని నేనప్పుడే అన్న గద!" అని ఎన్నిసార్లు నవ్విందో.

మాస్కులు పోయాయి. అయినా సీసా ఎత్తే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం అరచేయి నోటి ముందు పెట్టుకుంటాను, ఆనాటి ఆ పిచ్చిపిల్లను తలుచుకుని. వెచ్చగా గాలి తగులుతుంది. తగిలినందుకు మనసులోనే దణ్ణం పెట్టుకుని, అప్పుడు చూస్తాను.