నాకు తెరుచుకున్న సైటు వాళ్లకు తెరుచుకోలేదు

2011 వానాకాలం. సూర్యాపేట బస్టాండు దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని చిన్న చిన్న వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. వాటిలో ఒకటి మిర్యాలగూడ యాదగిరి సారుది. ఆయన రిటైరైన లెక్కల టీచరు. చుట్టుపక్కల ఊళ్లలో రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు ఆ సైట్లో ఉండేవి.

ఒక ఉదయం సారు ఫోన్ చేశారు.

"అమ్మా పద్మా, మన సైటు తెరిస్తే మందులమ్మే సైటేదో వస్తున్నదట. కోదాడ నెట్ సెంటరాయన చెప్పిండు. ఒకాయన భార్యకు ఆపరేషన్, నంబర్లు దొరకక మస్తు పరేషాన్ అయిండు. మళ్ల నేనే నోట్‌బుక్కుల సూసి ఇద్దర్ని పంపిన."

నా కంప్యూటర్లో అడ్రసు కొట్టాను. సైటు చక్కగా తెరుచుకుంది. "మన సర్వర్ మంచిగనే ఉంది సార్. వాళ్ల కంప్యూటర్లనే వైరస్ ఉంటది" అన్నాను. సర్వర్ అంటే సైటు ఫైళ్లన్నీ ఉండే కంప్యూటరు.

సాయంత్రానికి పాలకీడు నుంచి ఇంకొకరు అదే ఫిర్యాదు చేశారు. రెండు ఊళ్లలో ఒకే రోగమా? మనసొప్పలేదు. మర్నాడు కోదాడ బస్సెక్కాను.

నెట్ సెంటర్ యజమాని శ్రీను కోపంగానే ఉన్నాడు. "మా సిస్టమ్‌లో వైరస్ ఉందన్నారటగా? నిన్ననే ఫార్మాట్ చేశానండీ. మీరే చూడండి."

అడ్రసు కొట్టాను. మా సైటే వచ్చింది.

"అట్టా కాదండీ. జనానికి అడ్రసులేం గుర్తుంటాయి? సెర్చ్‌లో వెతికి, వచ్చిన లింకు నొక్కుతారు" అంటూ తనే నొక్కాడు. మందుల సైటు తెరుచుకుంది.

సూర్యాపేట తిరిగొచ్చి సర్వర్ ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచాను. వచ్చినవాళ్లను ఏ పేజీకి పంపాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది. అందులో బోలెడన్ని ఖాళీ వరుసల కింద నేను రాయని నాలుగు వరుసలున్నాయి. సెర్చ్ నుంచి వచ్చేవాళ్లను మాత్రమే దారి మళ్లించమని వాటి అర్థం. నేరుగా అడ్రసు కొట్టి వచ్చే నాకు అందుకే ఏమీ కనబడలేదు. చెడింది సర్వర్, దెబ్బ తగులుతున్నది చూడవచ్చినవాళ్లకు.

మరి లోపలికి ఎలా వచ్చారు? సర్వర్ లాగ్, అంటే రాకపోకల చిట్టా చూశాను. ఎవరో నా పాస్‌వర్డ్‌తోనే, మొదటి ప్రయత్నంలోనే లోపలికి వచ్చారు. నా కంప్యూటర్ స్కాన్ చేస్తే పాస్‌వర్డ్‌లు దొంగిలించే వైరస్ బయటపడింది. శ్రీను మీద వేసిన నింద నాకే చెందింది.

సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. "తప్పు నాది సార్. శుభ్రం చేసేదాక సైటు మూయాలె."

ఆయన ఇంకో దారి చెప్పారు. "మూస్తే రక్తం కావాల్సినోళ్లు ఆగుతరా? నా నంబరొక్కటి పెట్టు. నోట్‌బుక్కుల సూసి నేనే చదివి చెప్త. ఇన్ని రోజులు వచ్చినోళ్లను కంప్యూటర్ సూపించుకోమని గూడ రాయి. దాచొద్దు."

రెండు రోజులు సారు ఫోన్ దగ్గర నుంచి కదల్లేదు. నేను నా కంప్యూటర్ ఫార్మాట్ చేసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, పాత కాపీ నుంచి ఫైళ్లు మళ్లీ ఎక్కించాను. తర్వాత శ్రీనుకు ఫోన్ చేసి క్షమించమని అడిగి, సెర్చ్ నుంచే నొక్కి చూడమన్నాను.

"వచ్చిందండీ, పేర్లన్నీ కనబడుతున్నాయి" అన్నాడు.

ఆ తర్వాత సైటు చెడిందని ఎవరు చెప్పినా, ఏం నొక్కి ఎలా వచ్చారని ముందు అడిగేదాన్ని. వాళ్లు వచ్చిన దారినే నేనూ వెళ్లి చూశాకే నోరు విప్పేదాన్ని.