అమ్మ "వచ్చింది" అన్నందుకు

డెబ్బైల చివర్లో మా నాయన అంగడిని కర్ణాటకలోనే బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి మార్చాడు. నేను అక్కడ హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో చేరాను. చదివింది కన్నడమే అయినా, ఇంట్లో వీధిలో మాదంతా తెలుగే.

నిన్న ఎందుకు రాలేదని కన్నడ మేష్టరు అడిగితే, "నమ్మ అమ్మ ఊరింద బంతు సార్" అన్నాను, మా అమ్మ ఊరి నుంచి వచ్చిందని. మనం అమ్మయినా ఆవయినా 'వచ్చింది' అనే అంటాం. కన్నడంలో ఆవుకైతే 'బంతు', అమ్మకైతే 'బందరు'.

"ఏం, మీ అమ్మ ఆవా?" అన్నాడు మేష్టరు. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే కొళాయి దగ్గర నన్ను చూసి అంబా అనడం మొదలుపెట్టారు. నా పక్కన కూర్చునే, మండికల్ అనే పల్లె నుంచి వచ్చే పిల్లనూ వదల్లేదు. పొద్దున్నే ఆవుల పాలు పిండి బస్సెక్కి వచ్చేది. లెక్కల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. ఒకరోజు ఆమె డబ్బాలో రాగిముద్ద తీసేసి పేడ పెట్టారు. మూత తీసి చూసి, మళ్ళీ మూసేసింది. సాయంత్రం దాకా పాఠాలు విని వెళ్ళింది. మర్నాటి నుంచి రాలేదు.

నాయన వెళ్ళి హెడ్‌మాస్టరుతో మొరపెట్టుకున్నాడు.

"పిల్లోళ్ళంటే అట్లే ఉంటారప్పా. మీ పాపకే రవ్వంత ధైర్యం చెప్పుకోండి" అన్నాడాయన.

మరుసటి జూన్‌లో కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. ప్రార్థనలో అందరి ముందే చెప్పింది: ఈ బడిలో ఎవరూ ఎవరికీ పేర్లు పెట్టకూడదు, మేష్టర్లతో సహా. కన్నడ మేష్టరు తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి టీచర్లు తమ గది వదిలి వరండాలో మాతోపాటే అన్నం తినేవారు. కొళాయి దగ్గర ఎవరో ఒకరు నిలబడేవారు. పల్లెల నుంచి వచ్చే చిన్నపిల్లలను బస్టాండు నుంచే పదో తరగతి వాళ్ళు తోడు తీసుకొచ్చేవారు. ఏడిపించినవాడి అమ్మానాన్నలను పిలిపించి, కూర్చోబెట్టి మాట్లాడేది. దసరా సెలవులకు ముందే ఆ అరుపులు ఆగిపోయాయి.

నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. ఇంత సులభమా ఇది?

ఆ పిల్ల సంగతి నేను చెబితే హెడ్‌మిస్ట్రెస్ నన్ను వెంటబెట్టుకుని మండికల్ వచ్చింది. ఆ పిల్ల కొట్టం కడుగుతోంది.

"రా పాపా. ఇప్పుడు నిన్నెవురూ ఏమీ అనరు. నేనుండాను గదా."

"అప్పుడు యాడుంటిరమ్మా?"

"అప్పుడు నేనీ బడికి రాలేదు పాపా."

"మీరు లేరు, సరే. మిగిలిన మేష్టర్లంతా ఉండిరి గదమ్మా!"

ఆ పిల్ల తండ్రి మాకు చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. ఆమె మాత్రం కొట్టంలోంచి బయటికి రాలేదు, ఆ తర్వాత బడికీ రాలేదు.